నాకు దాహంగా లేదులే!

ఎడారిలో ఇద్దరు నడిచి వెళుతున్నారు. ఊరు ఇంకా చాలా దూరం. ఒకడి చేతిలో నీళ్ళ తిత్తి ఉంది. ఆ నీళ్ళు పంచుకుంటే ఇద్దరికీ చాలవు, దారిలోనే ఇద్దరూ పోతారు. ఒక్కడే తాగితే ఆ ఒక్కడూ ఊరు చేరి బతుకుతాడు. ఏం చెయ్యాలి?

ఈ చిక్కుప్రశ్న నేను కల్పించింది కాదు. యూదుల ధర్మగ్రంథం తాల్మూద్‌లో ఉంది. తోటివాడు చస్తుంటే చూస్తూ కూర్చోవడం కంటే ఇద్దరూ తాగి ఇద్దరూ పోవడమే మేలని బెన్ పెతూరా అనే ఆయన చెప్పాడట. తరవాత అకీవా అనే మహాపండితుడు వచ్చి, ఎవరి చేతిలో నీళ్ళుంటే వాడి ప్రాణమే ముందు, ఆ తరవాతే ఎదుటివాడి ప్రాణం అని తీర్పు చెప్పాడట. పద్దెనిమిది వందల ఏళ్ళు దాటిన వాదన ఇది. చదివితే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఓ ఆదివారం భోజనాలయ్యాక మా ఇంట్లో ఈ ప్రశ్న వేశాను. మావారు పేపరు దించకుండానే, "నీళ్ళు ఎవరివైతే వాళ్ళు తాగాలి. అందులో చర్చేముంది?" అన్నారు. బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు చేసిన మనిషి మరి, ఒకరి ఖాతాలోది ఇంకొకరికి ఇవ్వమంటే ఒప్పుకుంటారా? మా అమ్మాయి, "చెరి సగం! పోతే ఇద్దరం పోతాం" అంది. దానిది ఇంకా స్నేహితుల కోసం ప్రాణాలిచ్చే వయసు. పక్కింటి వదినగారు, "ఒక్క తిత్తితో ఎడారికి బయల్దేరమని వాళ్ళకి చెప్పిందెవరండీ?" అని అసలు మొదటికే ఎసరు పెట్టారు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తగారు మాత్రం తలెత్తకుండా అన్నారు కదా:

"ఇద్దరిలో ఎవరో ఒకరు నాకు దాహంగా లేదులే అంటే సరిపోయేదానికి ఇంత రభసెందుకే!"

అందరం నవ్వేశాం. కానీ ఆ జవాబు నన్ను పట్టుకుని వదల్లేదు. ఇద్దరు పండితులకీ తట్టని ఆ మూడో దారి ఆవిడకి అంత సులువుగా ఎలా తట్టింది? తట్టదూ మరి! యాభయ్యేళ్ళుగా ఆవిడ ఆ దారినే నడుస్తున్నారు. ఆఖరి గారె మిగిలితే ఆవిడకి ఆకలి లేదు. పెరుగు తక్కువైతే ఆవిడకి మజ్జిగే ఇష్టం. మీ ఇంట్లోనూ అలాంటి ఆవిడ ఒకరు ఉండే ఉంటారు. మీరే కావచ్చు కూడా.

మంచినీళ్ళు దొరకని చోట ఈ దారి పనికొస్తుందా అన్నదే నా సందేహం.

ఆ యూదుల కథలో నీళ్ళు తిత్తిలో సిద్ధంగా ఉన్నాయి, పంచడమే తరువాయి. నిజం అడవిలో, నిజం ఎడారిలో అలా ఉండదు. ముందు ఎవరో ఒకరు వెతకాలి, తవ్వాలి, తోడాలి, మొయ్యాలి. పంపకం దాకా వచ్చేది ఆ తరవాతే. ధర్మశాస్త్రాలు పంచేవాడి గురించి మాట్లాడినంతగా తెచ్చేవాళ్ళ గురించి మాట్లాడవు. మన ఇళ్ళల్లోనూ అంతే కదా, బిందె మోసుకొచ్చేది ఒకరు, పొదుపుగా వాడమని చెప్పేది ఇంకొకరు.

వెతకడం గురించి భారతంలో ఒక చక్కని ఘట్టం ఉంది. బ్రాహ్మడి అరణిని కొమ్ములకి తగిలించుకుని పారిపోయిన లేడి వెంటబడి పాండవులు అడవిలో అలిసిపోయారు. నాలుకలు పిడచకట్టుకుపోయాయి. ధర్మరాజు నకులుణ్ణి చెట్టెక్కి చూడమన్నాడు. నకులుడు చెట్టెక్కి చూసి, నీటి ఒడ్డున పెరిగే చెట్లు కనిపిస్తున్నాయి, బెగ్గురు పక్షుల అరుపు వినిపిస్తోంది, కాబట్టి అక్కడ నీళ్ళు తప్పకుండా ఉంటాయని చెప్పాడు. నీళ్ళు కనబడ్డాయని అనలేదు, గమనించండి. నీళ్ళ జాడ కనబడింది. తేవడానికి చెంబులా, బిందెలా? అమ్ములపొదుల్లో పట్టుకు రమ్మన్నాడు అన్నగారు. యక్షప్రశ్నలు అనగానే మనం వేదాంతంలోకి వెళ్ళిపోతాం గానీ, ఆ ముందున్న ఈ నాలుగు మాటల్లో అడవిలో దిక్కుతోచని మనిషికి కావలసిన చదువంతా ఉంది.

ఈనాటి పుస్తకాలు చెప్పేదీ దాదాపు అదే. గింజలు తినే పిట్టలు, పావురాలు పొద్దున్నా సాయంత్రం ఎటు ఎగురుతున్నాయో చూడమంటారు. గింజ ఎండుది, దాన్ని మింగిన పిట్టకి నీళ్ళు కావాలి. ఎండిన వాగు కనిపిస్తే అది వంపు తిరిగే చోట, వంపు బయటి ఒడ్డు కింద ఇసక తవ్వమంటారు. దీనికి మనకి చెలమ అని ఎంత చక్కని మాట ఉంది! వేసవిలో ఏటి ఇసకలో చేతులతో గొయ్యి తీస్తే మెల్లగా ఊరే నీళ్ళు. మా అమ్మమ్మ తరం వాళ్ళు ఏటికి వెళ్ళి, చెలమ తీసి, కొబ్బరిచిప్పతో తోడి బిందె నింపుకొచ్చిన వాళ్ళే. కొండల మీద రాతి గుంటల్లో నిలిచిన వాననీటిని దొన అంటారు. చలికాలం తెల్లవారుజామున పొడి తువ్వాలు గడ్డి మీద ఈడ్చి మంచు పిండుకోవచ్చు. ఆకులు నిండుగా ఉన్న కొమ్మకి పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి తొడిగి మూతి బిగించి కడితే సాయంత్రానికి అడుగున కాసిని నీళ్ళు చేరతాయి. ఆకులు వదిలే తడి అది. గన్నేరు, జిల్లేడు లాంటి విషపు చెట్టు కాకూడదు సుమా.

1965లో అమెరికా శాస్త్రజ్ఞులిద్దరు ఇంకో ఉపాయం చెప్పారు. గొయ్యి తవ్వి, నడుమ గిన్నె పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మధ్యలో చిన్న రాయి పెడితే, ఎండకి నేలలోని చెమ్మ ఆవిరై కాగితానికి కింద పట్టి బొట్లు బొట్లుగా గిన్నెలో పడుతుంది. ఇడ్లీ పాత్ర మూతకి కిందవైపు చేరే నీళ్ళలాంటివే. చెమ్మ ఉన్న నేల అయితే రోజుకి లీటరు దాకా రావచ్చట. కానీ ఎండు నేలలో మిట్టమధ్యాహ్నం ఆ గొయ్యి తవ్వడానికి ఒలికే చెమట ఎంత? ఆ ఎండలో కష్టపడే మనిషికి గంటకి లీటరు చెమట పోవడం పెద్ద విశేషం కాదు. కూలి గిట్టని వ్యవసాయం! అందుకే తెలిసినవాళ్ళు ముందు నీడలో కూర్చోమంటారు, పని చల్లబడ్డాక చెయ్యమంటారు. నీళ్ళు వెతికే లెక్కలో మొదటి పద్దు, ఒంట్లో ఉన్న నీళ్ళు పోకుండా చూసుకోవడం.

ఇంకొక మాట. తేటగా కనిపించే నీళ్ళన్నీ మంచినీళ్ళు కావు. చిల్లగింజ అరగదీసి బురదనీళ్ళలో కలిపితే మడ్డి అడుక్కి చేరుతుంది, నీళ్ళు మెరుస్తాయి. అంతమాత్రాన క్రిములు చావవు. తళతళ తెర్లేలా కాచాల్సిందే. ఈ సంగతి వంటింట్లో ఉన్న మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మన రాష్ట్రంలోనే 2024 మార్చిలో ఒక వింత బయటపడింది, చాలామంది చూసే ఉంటారు. పాపికొండల అడవిలో నల్లమద్ది చెట్టు బెరడు మీద ఒక బుడిపె లాంటిది ఉంటే, అటవీశాఖ వాళ్ళు దాన్ని కోశారు. కుళాయి తిప్పినట్టు నీళ్ళు చిమ్మాయి. వేసవికి చెట్టు దాచుకున్న నీళ్ళవి. ఆ సంగతి చెప్పింది అక్కడి కొండరెడ్లు. వాళ్ళకి తరాలుగా తెలిసిన విషయమే, మనకి వీడియో అయింది. ఆ నీళ్ళు పులుపుగా, ఘాటు వాసనతో ఉన్నాయట. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఆ చెట్లు ఎక్కడున్నాయో అధికారులు బయటపెట్టలేదని పత్రికల్లో రాశారు. ఎంత మంచి పని! చెప్పి ఉంటే ఆ ఆదివారానికల్లా ప్రతి చెట్టుకీ ఒక కత్తిగాటు, దాని పక్కన ఒక ఫొటో. దాహం లేనివాళ్ళు తాగే నీళ్ళ గురించి ఏ ధర్మశాస్త్రమూ రాసినట్టు లేదు.

ఇక నీళ్ళు దొరికాక సంగతి. లోకం మెచ్చిన కథ ఒకటుంది. క్రీస్తుపూర్వం 325లో అలెగ్జాండరు మన దేశం నుంచి తిరిగి వెళుతూ గెడ్రోసియా ఎడారిలో పడ్డాడు. ఇప్పటి బలూచిస్తాన్‌లోని మక్రాన్ తీరప్రాంతం అది. సైన్యం ఎండకి మలమల మాడుతోంది. సైనికులు కొందరు ఎక్కడో రాతి సందులో కాసిని నీళ్ళు కనిపెట్టి, శిరస్త్రాణంలో పోసి, నిధి తెచ్చినట్టు తెచ్చి రాజుకిచ్చారు. ఆయన వాళ్ళని మెచ్చుకుని, అందరూ చూస్తుండగా ఆ నీళ్ళు నేలమీద పారబోశాడు. ఆ ఒక్క పనితో ప్రతి సైనికుడూ తానే తాగినంత తెప్పరిల్లాడని ఏరియన్ అనే చరిత్రకారుడు రాశాడు.

గొప్ప కథే, కాదనను. కానీ ఈ కథ ఎప్పుడు విన్నా నాకు ముందుగా నోట్లోంచి వచ్చేది "అయ్యయ్యో, నీళ్ళు!" అనే. అన్ని వేలమందికి ఒక టోపీడు నీళ్ళు చాలవు నిజమే. అక్కడ సొమ్మసిల్లిన వాడు ఒక్కడైనా లేడా, వాడి పెదాలు తడపకూడదా? తెచ్చినవాళ్ళు గుక్కెడు తాగి తెచ్చారో, నోరు కట్టుకుని తెచ్చారో ఈ కథ చెప్పుకునే వాళ్ళెవరూ అడగరు. ఆ సైన్యం వెంట ఆడవాళ్ళూ పిల్లలూ కూడా నడిచారు. దాహంతో పోయినవాళ్ళు పోగా, ఒకరాత్రి ఎండిన వాగు పక్కన మకాం వేస్తే, ఎక్కడో పైన కురిసిన వానకి వాగు పొంగి వాళ్ళలో చాలామందిని ఊడ్చుకుపోయింది. ఇదీ ఏరియనే రాశాడు. పారబోసిన నీళ్ళు గుర్తున్నంతగా ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. అందరూ చూస్తుండగా వద్దనడం రాజుల త్యాగం. ఎవరూ చూడకుండా వద్దనడం మన ఇళ్ళల్లో త్యాగం. మన ఆడవాళ్ళదే గొప్పదని చెప్పేసి ఈ వ్యాసం ఇక్కడ ముగించవచ్చు. మీరు సంతోషిస్తారు కూడా. కానీ నేను చూసింది వేరు.

నాలుగేళ్ళ కిందట చైత్రమాసంలో అహోబిలం వెళ్ళాం. మావారు, నేను, మా ఆడపడుచు దంపతులు, వాళ్ళ పన్నెండేళ్ళ అబ్బాయి, మా పెద్దమ్మ. పెద్దమ్మకి అప్పుడు అరవై ఎనిమిది. మనిషి గట్టిది, ఎగువ అహోబిలం మెట్లు మాకంటే ముందు ఎక్కింది. పావన నరసింహస్వామి గుడికి అడవిదారిన నడిచి వెళ్ళాలని ఆవిడే పట్టుబట్టింది. దారి చూపడానికి ఒక చెంచు కుర్రాడు వచ్చాడు. తలా ఒక సీసా కాక, పెద్దమ్మ సంచీలో ఆవిడ పుట్టింటి కంచు మరచెంబు. కాశీకి వెళ్ళొచ్చిన చెంబు అది, దాన్ని వదిలి ఆవిడ గడప దాటదు.

వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. దర్శనమైంది. తిరుగు దారిలో సీసాలు ఖాళీ అయ్యాయి. పెద్దమ్మ మరచెంబు తీసి, మూతలో పోసి అందరికీ ఇచ్చింది. పిల్లాడికి రెండు మూతలు. "నువ్వు తాగు పెద్దమ్మా" అంటే, "నాకు దాహంగా లేదులేవే, పొద్దున తాగానుగా" అంది. ఇంకో అరగంటకి మళ్ళీ అదే మాట. చెంబు ఖాళీ అయింది. ఆ తరవాత కాసేపటికి ఆవిడ ఒక చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది. కళ్ళు తేలేసింది. నన్ను మా అమ్మ పేరు పెట్టి పిలిచి, పాలు కాచావా అని అడిగింది. ఒళ్ళు ముట్టుకుంటే చల్లగా, జిగటగా ఉంది.

చెంచు కుర్రాడు ఒక్కసారి ఆవిడ ముఖం చూసి, చెంబు లాక్కుని, కింద వాగులోకి దిగిపోయాడు. నేనూ వెనకాలే కొంత దూరం దిగాను. ఆ వాగులో ఎక్కడా తడి లేదు, అంతా ఇసకా, గుండ్రాళ్ళూ. అతను ఒడ్డున పచ్చగా ఉన్న చెట్టు ఒకటి చూసుకుని, దాని ఎదురుగా ఇసక తవ్వడం మొదలుపెట్టాడు. ముందు పుల్లతో, తరవాత చేతులతో. మోచెయ్యి లోతు వెళ్ళేసరికి ఇసక రంగు మారింది. ఇంకాస్త వెళితే గుంట అడుగున నీళ్ళు ఊరాయి. మొదట వచ్చిన మురికినీళ్ళు దోసిట తోడి అవతల పోశాడు. మళ్ళీ ఊరేదాకా మునికాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ రెండు నిమిషాలూ నాకు రెండు గంటలైంది. ఈసారి కాస్త తేటగా వచ్చాయి. అప్పుడు అతను ఏం చేశాడో చెప్పనా? దోసిలి పట్టి తను తాగాడు. రెండు దోసిళ్ళు. ఆ తరవాత పైపంచె మడత చెంబు మూతికి అడ్డం వేసి నీళ్ళు వడగట్టాడు.

పైనుంచి చూస్తున్న మా ఆడపడుచు ఊరుకోలేకపోయింది. "అదేమిటయ్యా, ఇక్కడ పెద్దావిడ ప్రాణం పోతుంటే ముందు నువ్వు తాగుతావా?" అని కేకేసింది.

అతను కోపం తెచ్చుకోలేదు. "నేను తాగకుంటే మళ్ళ పైకెట్ల ఎక్కేది తల్లీ? ఆమెను మోసేదెవరు?" అన్నాడు.

నిజంగానే మోశాడు. పెద్దమ్మ తల మీదా మెడ మీదా తడిగుడ్డ వేసి, గుక్క గుక్కగా పట్టించి, నీడలో ఒక గంట కూర్చోబెట్టాక మాట సర్దుకుంది. నీళ్ళు కాచే వ్యవధి లేదు అప్పుడు, ఏమైనా అయితే తరవాత మందు వేసుకోవచ్చులే అనుకున్నాం. కానీ నడవలేదు. అతనూ, మావారూ, మా అన్నయ్యగారూ వంతులవారీగా వీపున వేసుకుని దించారు. చీకటిపడే వేళకి కిందికి చేరాం. ఆవిడ మిగిల్చిన రెండు మూతల నీళ్ళకి ముగ్గురు మగవాళ్ళ చెమట ఎంత కారిందో నేను లెక్కకట్టలేదు గానీ, ఆ చెలమ ఊరకపోతే ఆ రాత్రి మాకు ఎలా తెల్లవారేదో!

ఆ రాత్రి సత్రంలో పెద్దమ్మ పక్కనే పడుకున్నాను. దీపం ఆర్పాక, "నిజంగా దాహం వెయ్యలేదా పెద్దమ్మా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా అంది. "వేసిందే. ముందూ వెనకా మగాళ్ళు నడుస్తున్నారు. దారిలో అవసరమొస్తే ఎక్కడికి పోను? అందుకని పొద్దున కాఫీ తరవాత ఏమీ తాగలేదు."

పొద్దున తాగానని అబద్ధం కూడా ఆడిందన్నమాట! నాకు ఆవిడ మీద కోపం రాలేదు. మనలో ఈ పని చెయ్యనిదెవరు? బస్సెక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తాం. పెళ్ళికి వెళితే కల్యాణమండపంలో ఆ గది ఎలా ఉంటుందో తలుచుకుని మజ్జిగ కూడా ముట్టం. ఆడపిల్లలు బడిలో నీళ్ళ సీసా నిండుగా తీసుకెళ్ళి నిండుగా తెస్తారు. ఇంటికొచ్చి దానికి ఓర్పనీ, అలవాటనీ, త్యాగమనీ పేర్లు పెట్టుకుంటాం. పెద్దమ్మ నీళ్ళు మాకు పంచింది ప్రేమతోనే, అందులో సందేహం లేదు. కానీ ఆ ప్రేమ కింద ఇంకొకటి ఉంది. దాన్ని చెప్పుకోవడానికి సిగ్గు, త్యాగమని చెప్పుకుంటే గౌరవం.

ఇంకో సంగతి ఉంది. దాహం లేదన్న మాట ఒక్కొక్కసారి అబద్ధం కాకుండానే ప్రాణం తీస్తుంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అడాల్ఫ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివాళ్ళు ఎడారి ఎండలో సైనికులను నడిపించి పరీక్షలు చేశారు. 1947లో పుస్తకంగా వేశారు. చెమటగా ఎంత పోయిందో అంత తాగాలని మనిషికి అనిపించదట. ఎదురుగా కావలసినన్ని నీళ్ళున్నా కూడా! దాహం ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే చుట్టం. వయసు మళ్ళినవాళ్ళకి మరీ ఆలస్యం. ఉన్న నీళ్ళు తాగకుండా దాచుకుంటే చెమట ఏమీ తగ్గదు. సీసాలో దాచిన నీళ్ళు ఒంటిని కాపాడవు, కడుపులోకి వెళ్ళినవే కాపాడతాయి. డబ్బాలో పంచదార దాచినట్టు, చీరల మడతల్లో నోట్లు దాచినట్టు నీళ్ళు దాచడం ఎడారిలో చెల్లదు. పొదుపు చెయ్యవలసింది చెమటనట. మన ఇంటి పొదుపు నేర్పిన వాళ్ళెవరికీ ఈ లెక్క తెలియదు.

చెంచు కుర్రాడి మాట విన్న తరవాత యక్షప్రశ్నలు మళ్ళీ తీసి చూశాను. తమ్ముళ్ళు నలుగురూ అన్నకోసం నీళ్ళు తేవడానికి వెళ్ళి, ముందు తాము తాగబోయారనే దోషం వాళ్ళ మీద ఉందని చిన్నప్పుడు హరికథలో విన్నట్టు గుర్తు. మూలంలో యక్షుడికి ఆ పేచీ లేదు. నా ప్రశ్నలకి జవాబు చెప్పి తాగు, తీసుకుపో అనే వరసలోనే చెప్పాడు. ముందు తాగడం, తరవాత తీసుకుపోవడం. ఆయన అభ్యంతరమల్లా, తనది అన్న కొలనులో అడగకుండా చెయ్యి పెట్టడం గురించే. మోసుకుపోయేవాడు దాహం తీర్చుకోవడంలో యక్షుడికి కూడా తప్పు కనిపించలేదు.

చివర్లో ఒక్క తమ్ముణ్ణి బతికిస్తానంటే ధర్మరాజు నకులుణ్ణి అడిగాడు. భీముణ్ణీ అర్జునుణ్ణీ కాదని సవతితల్లి కొడుకుని అడిగాడని అందరం మెచ్చుకుంటాం. అందులో నాకు ఇప్పుడు ఇంకొకటి కనిపిస్తోంది. తల్లులిద్దరికీ చెరొక కొడుకు ఉండాలన్నది ఆయన లెక్క. మాద్రికి నకులుడు. మరి కుంతికి? తనే. పంచేవాడు తనని కూడా లెక్కలో వేసుకున్నాడు! నా ప్రాణం తీసుకుని ఇద్దరిని బతికించు అని అనలేదు. అని ఉంటే మనం ఇంకా ఎక్కువ ఏడ్చేవాళ్ళం, హరికథకుడికి ఇంకో పావుగంట దొరికేది. కుంతీదేవికి మాత్రం కొడుకుల్లో ఒకడు తగ్గేవాడు.

ఇలా తనని లెక్కలో వేసుకున్న తల్లి ఒకావిడ నిజంగానే ఉంది. 1972 జూన్‌లో గాలాపగోస్ దీవుల అవతల పసిఫిక్ సముద్రంలో రాబర్ట్‌సన్ అనే బ్రిటిష్ కుటుంబం ప్రయాణిస్తున్న పడవని తిమింగిలాలు గుద్ది ముంచేశాయి. తండ్రి, తల్లి, ముగ్గురు కొడుకులు, వాళ్ళతో వచ్చిన ఒక విద్యార్థి. ఆరుగురు, గాలి నింపే తెప్పా చిన్న పడవా మిగిలాయి. తిండి మూడు రోజులకి, నీళ్ళు పది రోజులకి. చుట్టూ సముద్రమే, ఒక్క చుక్క తాగడానికి లేదు. వాననీళ్ళు పట్టుకున్నారు, తాబేళ్ళని పట్టి వాటి నెత్తురు తాగారు. మనకి వినడానికే వెగటు, వాళ్ళకి అదే పాయసం. ముప్ఫై ఎనిమిది రోజుల తరవాత జపాను చేపల పడవ ఒకటి చూసి ఎక్కించుకుంది. ఆరుగురూ బతికారు.

ఆ తల్లి లిన్ రాబర్ట్‌సన్ నర్సు. అడుగున చేరిన వాననీళ్ళు మురిగిపోయి, నోట పెట్టుకోవడానికి వీల్లేకుండా ఉంటే, వాటిని పారబొయ్యనివ్వలేదు. రాయడానికి కాస్త బిడియంగానే ఉంది గానీ, ఆస్పత్రి చూసిన వాళ్ళకి అర్థమవుతుంది, ఎనిమా రూపంలో ఆ నీళ్ళు ఎక్కించింది. పెద్దపేగు కొంత నీటిని పీల్చుకుంటుందని చదువుకున్న మనిషి ఆవిడ. అలెగ్జాండరు మంచినీళ్ళు పారబోసి చరిత్రకెక్కాడు. ఈవిడ మురుగునీళ్ళు కూడా పారబొయ్యలేదు. నన్నడిగితే ఎవరి పేరు పిల్లల పాఠంలో ఉండాలో చెప్పగలను. ఆవిడ ఆ తెప్పమీద సొమ్మసిల్లి పడిపోయి ఉంటే ఈ ఉపాయం చెప్పేవాళ్ళెవరు?

మీరు అడగబోయేది నాకు తెలుసు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నిజంగా ఒక్క మూతడే నీళ్ళున్నాయి, పక్కన నీ బిడ్డ ఉంది, అప్పుడేం చేస్తావు?" అంటారు. అప్పుడు నేను అకీవా గారి మాట వినను, బెన్ పెతూరా గారి మాటా వినను. మీరూ వినరు. దానికి నా దగ్గర వాదన లేదు, అక్కర్లేదు కూడా. కానీ అలాంటి మూత మనలో ఎంతమందికి ఎన్నిసార్లు ఎదురవుతుంది చెప్పండి? ఎదురయ్యే ప్రతి గ్లాసునీ ఆ మూతే అనుకుని పక్కకి జరుపుతూ పోవడం ఉందే, అక్కడే నాకు పేచీ. ఆ అడవిలో మేం అయిదుగురం ఒక్కొక్క గుక్క తగ్గించుకుంటే పెద్దమ్మకి ఆరో వాటా వచ్చేది. లెక్క అంత చిన్నది. ఆరో మనిషి తను లేనట్టే పంచడం వల్ల అది పెద్దదైంది.

ఈ మాట మా అత్తగారితో అన్నాను. "ఏమోనే, తాగితే నీళ్ళు దిగేవి కావు మాకు, పిల్లలు చూస్తుంటే" అన్నారు. ఆవిడ తరంతో వాదించి నెగ్గడం నావల్ల కాలేదు. బహుశా అక్కర్లేదేమో కూడా. సంచీ సర్దే పద్ధతి మారిస్తే చాలనిపిస్తోంది.

వచ్చే కార్తికంలో వనభోజనాలకి ఊరవతల కొండకోనకి వెళ్ళాలని అనుకుంటున్నాం. ఈసారి ఎవరి సీసా వాళ్ళదే, మెడకి రంగుదారం కట్టి, ఎవరిది ఖాళీ అవలేదో పిల్లలు లెక్క చూసేటట్టు. వాటితోపాటు రెండు పాత దుప్పట్లు, నాలుగు గజాల నవారు తాడు, అరడజను పెద్ద పిన్నీసులు కూడా జాబితాలో రాశాను. రెండు చెట్లకి కట్టి దుప్పటి వేలాడదీస్తే మరుగు ఏర్పడుతుంది. దుప్పట్లెందుకని మా అన్నయ్యగారు ఫోన్లో అడిగారు. చెప్పాను. కాసేపు అవతల్నుంచి మాట లేదు. "మూడు పెట్టండి" అన్నారు తరవాత.

పెద్దమ్మకి కూడా ఫోన్ చేసి జాబితా చదివి వినిపించాను. అంతా విని, "ఆ తెల్ల పూల దుప్పటి వద్దే, ఎండకి ఆవల నీడ కనిపిస్తుంది. మీ మావయ్య కప్పుకునే ముదురు నీలంది ఉందిగా, అది పెట్టు" అంది.